'నా' దగ్గర ఆగిపోయిన పాట

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇది చదివి నన్ను కూడా వాళ్లలో కలిపేయకండి, ముందే చెబుతున్నాను. బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో పాసుల సెక్షన్లో పనిచేసినదాన్ని నేను. ఉద్యోగికీ అతని భార్యాపిల్లలకీ ఇచ్చే ఉచిత రైలు పాసుల దరఖాస్తులు నా బల్ల మీదికే వచ్చేవి. ఇంట్లో ఎవరైనా పోతే ఆ పేరు ఎర్ర సిరాతో కొట్టేయడం కూడా నా పనే. ఎన్ని పేర్లు కొట్టేశానో లెక్కలేదు. ఒక్కరూ వచ్చి, నా పేరెందుకు కొట్టేశావమ్మా అని అడగలేదు.

కాగితం మీద లేనిది లేనట్టే అనేదాన్ని. నా నోరు కూడా మంచిది కాదు. ఎవరైనా ఎదురుగా కూర్చుని నేనొకటి చూశాను మేడమ్ అని మొదలుపెడితే, మీ దరఖాస్తులో మూడో కాలమ్ నింపలేదు, అది చూడండి ముందు, అనేదాన్ని.

అలాంటిదాన్ని కాబట్టే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

మా నాన్న గూడ్సు బండి గార్డు. విజయనగరం దగ్గరి పల్లె నుంచి ఉద్యోగానికి ఇటు వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టిందీ పెరిగిందీ రైల్వే క్వార్టర్లోనే. నన్ను జోకొట్టేటప్పుడు మా అమ్మ ఒక పాట పాడేది. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు, తనే కట్టుకుంది. నాన్న డ్యూటీకి వెళ్లిపోతే ఒంటరిగా కూర్చుని కట్టిందట.

*లైను కిలేరొచ్చె లాలీ లాలీ*
*గూడ్సు బండెల్లిపోయె లాలీ లాలీ*
*పచ్చ జెండా ఊపి మీ అయ్య ఎల్లె*
*పడుకోర తండ్రీ, నా...*

లైన్ కిలేరు అంటే లైన్ క్లియర్, బండి బయల్దేరవచ్చని వచ్చే అనుమతి. ఏ పల్లెటూరి జోలపాటలో ఉంటుంది ఆ మాట? గార్డు పెళ్లాం పాటలోనే ఉంటుంది.

'నా' దగ్గర అమ్మ ఎప్పుడూ ఆగిపోయేది. అక్కడినుంచి ఊరికే హుమ్మని రాగం తీసేది. తర్వాతేమిటమ్మా అంటే, "అది నీకెందుకే" అనేది. ఆడపిల్లనైన నన్ను పట్టుకుని 'పడుకోర తండ్రీ' అనడం కూడా నాకెప్పుడూ వింతగా అనిపించలేదు. ముద్దొస్తే తల్లులు ఆడపిల్లని నాన్నా అంటారు, తండ్రీ అంటారు. ఇదీ అంతే అనుకున్నాను.

రెండు వేల నాలుగు ప్రాంతంలో నాకు కూతురు పుట్టింది. ఆ పాట నేర్పమని అమ్మని అడిగితే, నా గొంతు విని నవ్వింది. "నీకు రాగం రాదు గానీ, టేపులో పట్టుకో" అంది. ఒక ఆదివారం మధ్యాహ్నం టేప్ రికార్డర్ పెట్టాం. మొదలుపెట్టేముందు నా చెయ్యి పట్టుకుంది.

"ఒలే, ఇది నీ గుంట కోసం పాడతన్నాను. బయటోలు ఎవులూ ఇనకూడదు. మాటియ్యి."

ఎందుకని అడిగాను. ముందు మాటియ్యి అంది. సరేనమ్మా అన్నాను. చేతిలో చెయ్యి వేసి మరీ అన్నాను.

పాట మధ్యలో యార్డు వైపు నుంచి ఇంజన్ కూత వినిపిస్తుంది. చివర 'నా' అని ఆగిపోయి, అమ్మే వంగి స్టాప్ బటన్ నొక్కింది. టక్‌మని ఆ చప్పుడు కూడా క్యాసెట్లో ఉంది. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి.

రెండేళ్లకు అమ్మ పోయింది. అప్పటికి నాన్న లేరు. క్యాసెట్ వేసీ వేసీ గరగరమంటోంది, ఎప్పుడు తెగుతుందో అని నాకు భయం. సరిగ్గా అప్పుడే సరోజ వచ్చింది. సరోజ మా పక్క క్వార్టరు పిల్ల. వాళ్లమ్మ ఎప్పుడూ జబ్బుతో ఉండేది, సగం రోజులు మా ఇంట్లోనే తినేది. మా అమ్మని పెద్దమ్మా అనేది. పెళ్లయ్యాక విశాఖపట్నం వెళ్లి ఒక రికార్డింగ్ స్టూడియోలో ఉద్యోగం చేస్తోంది. సీడీ చేసి పంపుతాను, నీకెందుకు బెంగ అంది.

బయటోళ్లు వినకూడదన్న మాట నాకు గుర్తుంది. కానీ సరోజ బయటిదా? అమ్మ చేత్తో అన్నం తిన్న పిల్ల. ఇచ్చేశాను. నెల తిరక్కుండా సీడీ, క్యాసెట్ రెండూ కొరియర్లో వచ్చాయి. నేను ఫోన్ చేసి ఏడ్చినంత పనిచేశాను. నీ రుణం తీర్చుకోలేనే అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

మరుసటి ఏడు వరికోతలప్పుడు జరిగింది అసలు సంగతి.

మా అమ్మాయిని నర్సరీ స్కూలుకి తీసుకెళ్లే ఆటో అతనిది దగ్గర్లోని మస్తూరీ అనే ఊరు. కోతలని ఊరెళ్లిపోయాడు. కుదుదండ్‌లో ఉండే అనిత గారి పాప కూడా అదే ఆటోలో వెళ్లేది. వాళ్లాయన తెలంగాణ నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు. రేపు ఆటో రాదని చెబుదామని లంచ్ టైములో ఆవిడకి ఫోన్ చేశాను. ఆవిడ కొత్త నంబరుకి అదే మొదటిసారి చేయడం.

ట్రింగ్ ట్రింగ్ రాలేదు. మా అమ్మ పాడింది.

లైను కిలేరొచ్చె లాలీ లాలీ.

అమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. అనిత గారు ఫోనెత్తి హలో హలో అంటున్నారు. తేరుకుని ఈ పాటేంటండీ అని అడిగాను.

"కాలర్ ట్యూనండి. పాత జానపదం, మంచిగుందని పెట్టుకున్న. ఏమైంది?"

అప్పుడు నాకు కోపం ఇంకా రాలేదు. నా చెవులే నన్ను మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను. మళ్లీ చేస్తాను, ఎత్తకండి, అది ఆగేదాకా ఉండనివ్వండి అని ఆవిడని బతిమాలాను. పక్క బల్ల సాహూ గారిని పిలిచి కూర్చోబెట్టాను. ఆయనది ఛత్తీస్‌గఢీ కుటుంబం, తెలుగు ఒక్క ముక్క రాదు. ఫోను స్పీకర్లో పెట్టాను.

పాట మొదలైంది. మధ్యలో ఇంజన్ కూత వచ్చింది, అదే చోట. 'పడుకోర తండ్రీ, నా' అని ఆగి, తిరిగి మొదటికొచ్చింది. రెండోసారి కూడా అన్నీ అలాగే వచ్చాయి. ఈసారి 'నా' దగ్గర తెగలేదు. అమ్మ ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఒక పేరు పాడింది. మగపిల్లవాడి పేరు. మా విజయనగరం వైపు పెట్టుకునే పేరు. ఆ వెంటనే ఫోన్ కట్టయిపోయింది.

అలాంటి పేరున్నవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

సాహూ గారు ఆ పేరుని తన యాసలో పలికి, "యే కౌన్ హై మేడమ్? అప్నా స్టాఫ్ హై క్యా?" అన్నారు, ఎవరిది, మన స్టాఫేనా అని. మా సెక్షన్లో పేరు చెవిన పడితే ఫైలు గుర్తుకొస్తుంది, అంతే ఆయనకి. కానీ ఆయన ఆ మాట అనకపోయి ఉంటే నేను పిచ్చిదాన్నయ్యానని ఒప్పేసుకునేదాన్ని. తెలుగు రాని మనిషి, అది పేరని పట్టుకుని నా మొహం మీదే పలికారు.

మళ్లీ చేశాను. మళ్లీ, మళ్లీ. ప్రతిసారీ 'నా' దగ్గరే తెగింది. ఆ పేరు ఇంకెప్పుడూ రాలేదు.

సెలవు పెట్టి ఇంటికెళ్లి క్యాసెట్ వేశాను. 'నా', టక్. సీడీ వేశాను. 'నా', టక్. అప్పుడు వచ్చింది కోపం. సరోజకి ఫోన్ చేశాను.

మొదట నాకేం తెలుసే అంది. నేను గట్టిగా అడిగేసరికి ఒప్పుకుంది. వాళ్ల స్టూడియో కాలర్ ట్యూన్ల కంపెనీకి పాటలు పంపుతుందట. సీడీ చేసేటప్పుడు ఒక కాపీ ఉంచుకుందట.

"అది జానపదమే కదే. జానపదానికి ఓనరెవులుంటారు? పెద్దమ్మ గొంతు నలుగురూ ఇంటే నీకేటి నష్టం?"

"నీకు అన్నం పెట్టిన మనిషే దానికి ఓనరు" అన్నాను.

ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాయలేను. కాలర్ ట్యూన్ దించుకునే చోట పాట కింద ఏం రాసిందో తర్వాత నెట్లో చూశాను. రచన: సంప్రదాయం. సేకరణ: సరోజ. మా అమ్మ పేరు ఎక్కడా లేదు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. కోసింది నా గొంతు కాదు, చచ్చిపోయిన మా అమ్మ గొంతు.

చివరికి ఆ పేరు చెప్పి, దాన్ని ఎవరిచేత పాడించి అతికించావని అడిగాను.

"ఏ పేరే? అందులో పేరేటీ లేదు. 'నా' దగ్గర నా సేతుల్తోనే కోసి మొదటికి కలిపినాను. ఆ పేరు నానెప్పుడూ ఇనలేదు."

సరోజ దొంగ. అబద్ధాలకోరు కూడా. కానీ ఆ ఒక్క మాట నిజమే చెప్పిందని నాకు తెలుసు. ఆ గొంతులో భయం నాకు వినపడింది.

ఆ ఆదివారం నాన్న ట్రంకుపెట్టె తీశాను. నాన్న ప్రతి పాసు దరఖాస్తుకీ కార్బన్ కాపీ దాచుకునేవారు. నేను పుట్టకముందటి కాగితాలు అడుగున ఉన్నాయి, ఎప్పుడూ చూడలేదు. ఒక కాపీలో భార్య, ఒక కొడుకు, వయసు మూడేళ్లు, ప్రయాణం విజయనగరానికి. కొడుకు పేరు దగ్గర నేను ఫోన్లో విన్న పేరే ఉంది. మరుసటి ఏడాది కాపీలో భార్య ఒక్కతే ఉంది.

రోజూ పదిమంది పేర్లు కొట్టేసేదాన్ని, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ చదివాను. నాకొక అన్న ఉండేవాడు. ఆ పాట వాడిది. వాడికి పాడిన పాటనే నాకు పాడుతూ, వాడి పేరు వచ్చే చోట అమ్మ అన్నేళ్లు నోరు నొక్కుకుంది. నాకు తెలియనివ్వలేదు, పేరు బయటికి రానివ్వలేదు. బయటోళ్లు వినకూడదని ఎందుకందో అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు.

ఆ పాటని ఊళ్లవాళ్ల ఫోన్లలోంచి తీయించి తీరాలనుకున్నాను. గోల్ బజార్ ఇంటర్నెట్ షాపులో కూర్చుని కంపెనీకి మెయిల్ కొట్టించాను. జవాబు మర్యాదగానే వచ్చింది. ఈ పాట సంప్రదాయ గీతంగా నమోదైంది, మీ తల్లిగారి సొంత రచన అనడానికి రాతపూర్వకమైన ఆధారం పంపండి, పరిశీలిస్తాం అని.

ఆధారం నా దగ్గరుంది. పచ్చ జెండా ఊపే అయ్య మా నాన్న, కొడుకు పేరు పాసు కాగితం మీద ఉంది, ఆ పేరే పాటలో ఆఖరి మాట, విన్నానని సాహూ గారు సంతకం పెడతారు. సంబరంగా జిరాక్స్ షాపుకి వెళ్లాను. మొదటి కాపీ మసిబారింది. షాపతను దాన్ని పక్కన పడేసి, రెండోది తీస్తూ, ఇది సరిగ్గా వచ్చిందా చూడండి అని, కాగితం మీద పేరు పైకి చదివాడు.

బజార్లో, మిక్చర్ బండి పక్కన, అంతమంది మధ్య వాడి పేరు వినపడింది.

ఇది పంపితే రేపు ఎన్ని కంప్యూటర్లలోకి వెళుతుంది? సరోజ పక్కన పెట్టుకున్నట్టు ఎవరు ఒక కాపీ పక్కన పెట్టుకుంటారు? పాడైన కాపీని కూడా చెత్తలోంచి ఏరుకుని, మూడు కాగితాలూ మడిచి ఇంటికి తెచ్చుకున్నాను. కంపెనీకి ఇంకేమీ రాయలేదు. పాట సంప్రదాయంగానే ఉండిపోయింది. సరోజతో మాట్లాడటం మానేశాను. తను కూడా ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

ఆ పేరు ఆ రోజు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోన్ల సంగతి తెలిసినవాళ్లని అడిగాను. వేరే పాట కలిసి ఉంటుందన్నారు. మా అమ్మ గొంతుతో, మా అన్న పేరుతో, వేరే పాటట! కాగితాలతో బతికినదాన్ని, ఉన్న కాగితాలన్నీ మీ ముందు పెట్టాను. ఇంతకు మించి చెప్పలేను.

నన్ను నిద్రపోనివ్వనిది ఒకటుంది. పాటని గెలుచుకోమని అమ్మ నాకు ఆధారం ఇచ్చిందా? లేక, చూడవే నువ్విచ్చిన మాట ఎక్కడిదాకా వచ్చిందో అని నిలదీసిందా? సరోజ నన్ను మోసం చేసింది నిజమే. అమ్మని మాత్రం మోసం చేసింది నేనే.

ఆ పేరు ఇక్కడ రాయలేదని మీరు గమనించే ఉంటారు. రాయను.

మా అమ్మాయికి ఇప్పుడు తెలుగు మాట్లాడటమే కష్టం, అన్నీ హిందీలోనే. కానీ ఆ సీడీ పాట నోటికి వచ్చు. మొన్న కూడా పాడుతూ పాడుతూ ఆగి, "నా కే బాద్ క్యా హై, మమ్మీ?" అని అడిగింది, 'నా' తర్వాత ఏముందని.

"అది నీకెందుకే" అన్నాను.