సమ్మమ్మ వెనక మూడు తుమ్ములు

చిన్నప్పుడు అమ్మవారు పోసి సమ్మమ్మకు చూపు పోయింది. అయినా వరంగల్ ఆమెకు అరికాళ్లలో ఉండేది. పిండి గిర్ని పట్టా టపటపలాడే మూలన ఎడమకు తిరిగితే మిర్చి బజారు. కాళ్ల కింద బండలు పోయి మట్టి తగిలితే బస్సు ఆగే చోటు.

పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో కాజీపేటలో వైరు కుర్చీలు అల్లే పని దొరికింది. షెడ్డు యజమాని రాంచందర్ సోమవారం నుంచి రమ్మన్నాడు. అడ్డం పడింది తమ్ముడు వెంకట్రాజమే.

"అక్కా, రేపు ఒక్కదానివే పోయి రా, చూస్త. తొవ్వల ఎవలన్న నీ చెయ్యి పట్టుకున్నరనుకో, ఇగ ఆ పని ముచ్చట ఎత్తద్దు."

"పట్టుకోరు తమ్మీ. నువ్వు జర ఫికర్ బంద్ చెయ్యి."

పొద్దున్నే కర్ర పట్టుకుని బయలుదేరింది. మిర్చి బజారులో బస్తాలు దించుతున్నారు. అక్కడ బతికేవాళ్లెవరూ ఆ ఘాటుకు తుమ్మరు. పది అడుగుల వెనక మాత్రం ఎవరో తుమ్మారు. రెండు నొక్కిపట్టినవి, మూడోది పగిలినది. అలా తుమ్మేది వాళ్లింట్లో ఒక్కడే. బట్టల దుకాణానికి పోతున్నానని ఆమెకంటే ముందే గడప దాటిన వెంకట్రాజం.

సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిలిస్తే ఉరికొచ్చి చెయ్యి పట్టుకుంటాడు, పని పోతుంది. బస్సుకు నేరుగా పోవాల్సింది, కుడికి తిరిగింది. బస్తాల సందులోనే రెండు చుట్లు చుట్టింది. ఆమె ఆగినప్పుడల్లా అతను బస్తాలకు చేతులానించి నక్కాడు. మూడో చుట్టులో తుమ్ములు లేవు. "అబ్బ, కండ్లు" అని మూలుగు వినిపించింది. ఆ చేతులతోనే కళ్లు నలుపుకున్నాడు.

ఇక అతనికి దారి చూపేదెవరు? సమ్మమ్మ కర్రను కొంచెం గట్టిగా కొడుతూ నడిచింది. ఆ చప్పుడు పట్టుకుని తడబడుతూ వచ్చిన చెప్పులు ఆమె వెనకే బస్సెక్కాయి.

"కాజీపేటకు రెండు టికెట్లియ్యి" అంది కండక్టరుతో. "ఒకటి నాకు. ఇంకోటి ఎనుక కండ్లు మూసుకొని కూసున్నాయనకు. పాపం, తొవ్వ తెల్వదు."



రైలింజన్ల బొగ్గు పొగ ముక్కుకు తగలగానే దిగి, వైరు గుంజే చప్పుడును బట్టి షెడ్డు చేరింది.

"వచ్చిన సారూ. జర ఒక చెంబు నీళ్లిప్పియ్యున్రి. మా తమ్ముడు కండ్లు కడుక్కుంటడు."

"నేను వేరే పని మీద వచ్చిన అక్కా" అన్నాడు గుమ్మం అవతల నుంచి వెంకట్రాజం.

"ఔ మల్ల. మిర్చి బేరమాయె."

ఎంత కడిగినా వాచిన రెప్పలు విచ్చుకోలేదు. తిరుగుదారంతా సమ్మమ్మే అతని చెయ్యి పట్టుకుని నడిపించింది. ఇంటి సందు మొదట్లో పక్కింటి సోమక్క చూడనే చూసింది.

"ఏందే సమ్మమ్మా, నిన్ను తమ్ముడు చెయ్యి పట్టుకొని తీస్కొస్తాండా?"

ఆ మాటకు అతను ఔనంటే సోమవారం నుంచి పని లేదు. వెంకట్రాజం చాలాసేపు ముక్కు ఎగబీల్చాడు.

"లేదు సోమక్కా" అన్నాడు చివరికి. "అక్కనే నన్ను తీస్కొచ్చింది."

సోమవారం పొద్దున సమ్మమ్మ మిర్చి బజారు మీదుగా పనికి పోయింది. వెంకట్రాజం దుకాణానికి చుట్టు తిరిగి పోయాడు.