అగ్నిమంత్రం ఏ మెట్టులో?
బందరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే జీవానందం గారు ఆదివారం చర్చి నుంచి రాగానే చొక్కా చేతులు మడిచి, పాచికలు ముందేసుకుని కూర్చునేవారు. కాగితం మీద వీరుల్ని సృష్టించి, మెట్టు మెట్టుకీ వాళ్ల బలం పెంచుకుంటూ నలుగురూ కలిసి ఆడే ఆ ఆటకు నియమాలన్నీ ఆయన రాసినవే. ఓ వారం ఆటకు వచ్చే నర్సు వీరదుర్గ పాచికలు పక్కకు నెట్టేసింది. "నా వీరుడికి కత్తీ మంత్రం రెండూ వచ్చండీ. కానీ మాంత్రికుడికి అయిదో మెట్టులో వచ్చే అగ్నిమంత్రం వీడికి తొమ్మిదిలో ఇచ్చారు. అప్పటికి ఎదురొచ్చే రాక్షసులు ముదిరిపోతారు, దాంతో దోమ కూడా చావదు. నేనింక ఆడను." మిగతావాళ్లు నవ్వారు. ఆయన నవ్వకుండా, పెదవి కొరుక్కుంటూ రెండు గంటలు మాంత్రికుడి తరఫునా, ఆమె వీరుడి తరఫునా తనే ఆడి చూశారు. "నువ్వన్నదే నిజమమ్మా. రెండు విద్యలవాడికి మంత్రాలు తక్కువ ఇవ్వొచ్చు గానీ ఆలస్యంగా ఇవ్వకూడదు," అని, మూడు నెలలు కూర్చుని రాసిన మంత్రాల పట్టికంతా కొట్టేశారు. కొత్త పట్టికతో తొలి ఆటలోనే వీరదుర్గ ఆయన ముచ్చటపడి తయారుచేసుకున్న రాక్షసుణ్ణి కాల్చి పారేసింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.