అవ్వ చెప్పిన నొప్పి

యాభై దాటాక నన్ను కన్న అవ్వకు ముట్టు ఆగిపోయింది. చెన్నూరులో మా వాకిట్లో ఆమెతో కలిసి బీడీలు చుట్టే ఆడవాళ్లు ఆటపట్టించారు.

"ఇగ నీకేం ఫికరక్కా, ఎప్పుడంటే అప్పుడు దేవుని అర్రలకు పోవచ్చు."

"దేవుడే పిలుస్తుండేమో. జర ఆగమను, గీ కట్టలు ఒడువలే," అంది అవ్వ.

తర్వాత ఆమెకు చెమటలు పట్టేవి. మెట్లెక్కితే దవడ గుంజుతోందనేది. ఈ వయసులో ఒంట్లో వేడి పుడుతుందని నేను చదివాను. అదే చెప్పి అంబలి తాగమన్నాను. నా చదువు మీద నమ్మకంతో ఆమె ఆసుపత్రికి పోలేదు.

ఒక మధ్యాహ్నం బీడీలు చుడుతూనే ఒరిగిపోయింది. మంచిర్యాలకు తీసుకెళ్లేసరికి ప్రాణం లేదు. ముట్టు ఆగాక హార్మోన్లు తగ్గి రక్తనాళాలు గట్టిపడతాయని, గుండెకు ముప్పు పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది.

"గుండెపోటుకు ముందు కొందరికి దవడ గుంజుతుంది. దవడ నొప్పని ఎవరికన్నా చెప్పిందా?" అని అడిగింది.

చెప్పింది. నాకొక్కదానికే చెప్పింది.