నీళ్లు కాచిన యంత్రం

అది 2022 వేసవి. తిరుపతి శివార్లలోని ఒక మురుగునీటి శుద్ధి కేంద్రంలో నేను ప్రాసెస్ ఇంజనీరుని. అక్కడ కొత్తగా అల్ట్రాసోనిక్ యూనిట్ పెట్టారు. మురుగు తేరాక అడుగున మిగిలే మడ్డిని స్లడ్జ్ అంటాం. చెవికి వినపడని ధ్వని తరంగాలతో అందులోని కణాలను పగలగొడుతుంది ఆ యంత్రం. అలా పగిలిన మడ్డి డైజెస్టర్ అనే మూసిన ట్యాంకులో త్వరగా కుళ్లి, ఎక్కువ గ్యాస్ ఇస్తుంది. ఆ గ్యాస్‌తో కరెంటు తీస్తాం. యంత్రం తినే కరెంటు కన్నా తెచ్చిపెట్టేది ఎక్కువైతేనే లాభం.

ఆపరేటర్ మునిరత్నం సత్యవేడు మనిషి, నాకంటే బాగా పెద్దవాడు. మొదటి వారంలోనే నన్ను పైపు దగ్గరికి పిలిచాడు.

"చెయ్యి పెట్టి సూడండి సార్, ఎంత ఎచ్చగా ఉండాదో. మడ్డి పల్చన. ఈ మిషను నీళ్లు కాస్తా ఉండాది, అంతే."

నిజమే. మడ్డిని చిక్కబరిచే థిక్‌నర్ చెడిపోయి నెలలైంది. పల్చటి మడ్డిలో శక్తి చాలావరకు నీటిని వేడి చేయడానికే పోతుంది.

"అది బాగయ్యేదాకా దీన్ని ఆపమని రాయండి సార్."

"రాస్తాలే అన్నా."

రాయలేదు. మేనేజరుకు మంచి కబురు కావాలి. గ్యాస్ కాస్త పెరిగింది కాబట్టి రిపోర్టులో అదే రాశాను. యూనిట్ తిన్న కరెంటును ప్లాంటు మొత్తం వాడకంలో కలిపేశాను.

వాడకం పెరిగిందని మేనేజరు వేరేచోట కోత పెట్టాడు. స్లడ్జ్ పంపు గదిలో రోజంతా తిరగాల్సిన ఎగ్జాస్ట్ ఫ్యాన్లను పొద్దున గంట, సాయంత్రం గంట చాలన్నాడు. ఆ గదిలో చేరే విషవాయువు సంగతి నాకు తెలుసు. అడ్డు చెబితే నా రిపోర్టులో దాచింది బయటపడుతుందని నోరు మెదపలేదు.

ఒక మధ్యాహ్నం పంపులో మడ్డి అడ్డుపడితే మునిరత్నం లోపలికి వెళ్లాడు. మేం ఆక్సిజన్ మాస్కులతో వెళ్లి బయటికి తెచ్చేసరికి అతనికి స్పృహ లేదు. ప్రాణం దక్కింది గానీ, నడక తడబడింది, జ్ఞాపకం చెదిరింది.

నేను పై అధికారులకు అంతా రాసిచ్చి, సత్యవేడు వెళ్లాను. అతని భార్యకు దాచకుండా చెప్పాను.

"ఈయన మీకు ముందే చెప్పినాడా సార్?"

"చెప్పినాడమ్మా."

"మరి యాల రాయలేదు?"

మంచం మీద నుంచి మునిరత్నం నన్ను చాలాసేపు చూసి, ఆమెను అడిగాడు.

"ఎవురీయప్ప?"

థిక్‌నర్ బాగుచేశాక యూనిట్‌ను మళ్లీ నడిపాం, దానికి విడిగా మీటరు పెట్టి. అప్పటినుంచి ఏ యంత్రం గురించి రాసినా, అది ఇచ్చిందీ తిన్నదీ ఒకే పేజీలో రాస్తున్నాను. లోటును కాగితం మీద దాచినంత మాత్రాన అది పోదు. ఎక్కడో ఒకచోట తేలుతుంది. మా ప్లాంటులో అది పంపు గదిలో తేలింది.