పడవబ్బాయికి ఆదరణ కూడిక

నా చిన్నప్పుడు, అంటే ఎనభైల నడిమి రోజుల్లో, జపాను బొమ్మల సినిమాని ఆంధ్రదేశం మొత్తం మీద ముందుగా చూసినవాణ్ణి నేనే. ఏదో ఒకటి రెండుసార్లు కాదు, వందసార్లు చూశాను. చూసి చూసి ఆ భాష కూడా పట్టుబడింది. అందరూ విసిగి మానేశాక కూడా చివరిదాకా నిలబడ్డ ఏకైక అభిమానిని నేనే. ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఆ పెద్దకళ్ల బొమ్మల్ని చూస్తూ పక్కన తాతయ్య ఉన్నాడన్న సంగతే మరిచిపోతుంటే, ఈ పిచ్చికి ఇంట్లో పునాది వేసింది నేనేనని దానికి గొప్పగా చెబుతుంటాను. అది తల కూడా ఎత్తదు. ఎత్తకపోవడమే మంచిది. ఇందులో ఎంత సాగదీశానో కాసేపాగి నేనే ఒప్పుకుంటాను.

మాది దర్శి అవతల ఒక మెట్ట ఊరు. పత్తి, మిరప తప్ప ఇంకో మాట వినపడని నేల. మా నాన్న చర్చి బడిలో పంతులు. మా పేటలో మిగతావాళ్లంతా కూలికి వెళ్లేవాళ్లే. ఆ ఏడు మిరప విరగకాసింది. కాయ కోయడం, ఎండబెట్టడం ఎలాగో అవుతాయి గాని, ఎండిన కాయకి తొడిమ తీయడానికి చేతులు కావాలి. ఆడకూలీల కోసం కళ్లానికీ కళ్లానికీ పోటీ పడింది. అప్పుడు మా ఊరి ఆసామి ఒకాయన, కూలీలు తన కళ్లానికే రావాలని, ఒంగోలు నుంచి కలర్ టీవీ, వీడియో అద్దెకి తెప్పించి గోడౌన్లో పెట్టించాడు. వాటితో పాటు మా మేనమామ వచ్చాడు. ఆ వీడియో షాపులో పని ఆయనది.

మొదట తెలుగు సినిమాలు వేశారు. పాట రాగానే ఆడవాళ్లంతా తలెత్తేవాళ్లు, చేతులు ఆగిపోయేవి. ఆసామికి ఒళ్లు మండింది. అలాంటి సమయంలో పెట్టెలో పేరు లేని టేపు ఒకటి బయటపడింది. అన్నీ గీసిన బొమ్మలు, అర్థంకాని భాష. అది జపానుదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది గాని, అప్పుడు మా మావయ్య చైనా అన్నాడు, మేమూ చైనా అన్నాం. ఆడవాళ్లకి ఆ బొమ్మలు పట్టలేదు. తలలు వంచుకుని తొడిమలు తీసుకుంటూ, మావయ్య టీవీ పక్కన నిలబడి చెప్పే కథని చెవులతో వినేవాళ్లు. పిల్లలం మాత్రం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. పని ఆగలేదు, పిల్లల గోల లేదు. ఆసామికి ఇంతకన్నా మంచి సినిమా కనిపించలేదు. అన్నాలయ్యాక రోజూ అదే టేపు వెయ్యమన్నాడు.

కిటికీలకి గోనెపట్టాలు కట్టిన ఆ గోడౌన్లో, మిరప ఘాటుకి తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ, కళ్లు నులుముకుంటూ చూశాం ఆ సినిమా. కథ చిన్నదే. ఒక ఊరు నీళ్లలో మునిగిపోతుంది. తెల్లచొక్కా వేసుకున్న ఒక అబ్బాయి, పడవకి లాంతరు కట్టుకుని, ఇళ్ల కప్పుల మీద చిక్కుకున్నవాళ్లని ఒక్కొక్కరినే గట్టుకి చేరుస్తుంటాడు. అందరూ వచ్చేశాక మంచులోంచి ఇంకో పిలుపు వినబడుతుంది. అబ్బాయి మళ్లీ వెళతాడు. చాలాసేపు తెర మీద మంచు తప్ప ఏమీ ఉండదు. తర్వాత పడవ వస్తుంది. లాంతరు వెలుగుతూనే ఉంటుంది. పడవలో ఎవరూ ఉండరు. అక్కడితో టేపు అయిపోయి తెరంతా చుక్కలు పడేవి. అబ్బాయి ఏమయ్యాడని అడిగితే, రెండో టేపులో వస్తాడని మావయ్య ఒకరోజు, ఒడ్డున దిగి వేరే దారిన ఇంటికి వెళ్లాడని ఇంకోరోజు చెప్పేవాడు. ఆయనకి మాత్రం ఏం తెలుసు?

పిచ్చి ఎలా ముదురుతుందో అప్పుడు చూశాను. మొదటి రోజుల్లో అందరికీ ఒకే పిచ్చి. తాటిపట్టల మీద కూర్చుని, పత్తికట్టెలతో తెడ్లు వేసుకుంటూ, నీటిచుక్క లేని కళ్లంలో పడవలు నడిపాం. కొన్నాళ్లకి జట్లు పడ్డాయి. అబ్బాయి బతికే ఉన్నాడనే జట్టు, పోయాడనే జట్టు. దెబ్బలాటలు కూడా అయ్యాయి. ఆ తర్వాత కొందరికి విసుగొచ్చి గోళీలాటలోకి దిగారు. మిగిలిన ఏడెనిమిది మందికి అది ఆట దాటి ఇంకోటి అయింది. మాలో ఒకమ్మాయి పొద్దున్నే అన్నంలో మొదటి ముద్ద అతని పేరు చెప్పి పక్కన పెట్టేది. అతనికి పేరు లేదు కాబట్టి పడవబ్బాయి అనేది. నాకైతే తెల్లవారుజామున మంచు పట్టిన కళ్లంలో, ఎర్రగా పరిచిన కాయల అవతల, తెల్లచొక్కా ఒకటి కదులుతున్నట్టు కనిపించేది. దగ్గరికి వెళితే గడకర్రకి ఆరేసిన పంచె. పంచె అని తెలిసినా మర్నాడు మళ్లీ కనిపించేది.

ఆ తెల్లచొక్కా అంటే నాకున్న భయం ఊరికే రాలేదు. అంతకు ముందు వేసవిలో మా చర్చి పిల్లలంతా సముద్రం చూడ్డానికి లారీలో వాడరేవు వెళ్లాం. మెట్ట పిల్లలం, ఒక్కడికీ ఈత రాదు. మా పక్కింటి పెద్దమ్మ కొడుకు, నా ఈడువాడు, బడిలో నా బల్ల మీదే కూర్చునేవాడు, మోకాలిలోతు నీళ్లలో నవ్వుతూ నిలబడ్డవాడు, మళ్లీ చూసేసరికి లేడు. బెస్తవాళ్లు పడవలేసుకుని వెతికారు. కబురందుకుని పెద్దమ్మ వచ్చేసరికి సాయంత్రమైంది. ఒక్కో పడవా తిరిగి వస్తుంటే ఆమె ఒడ్డున నిలబడి ఒక్కోదాన్నీ చూసింది. మనిషి దొరకలేదు.

మా వాళ్లలో ఎవరైనా పోతే మూడోనాడు ఆదరణ కూడిక పెడతారు. అయ్యగారు, అంటే చర్చి పాస్టరు, ప్రార్థన చేస్తారు, పాట పాడతారు, పోయినవాళ్లని తెలిసినవాళ్లు లేచి తలా ఒక మాట చెబుతారు. ఇంటివాళ్లు ముందు చాప మీద కూర్చుని వింటారు. ఆ తర్వాత అందరూ కలిసి భోజనం చేస్తారు. పెద్దమ్మ కూడిక పెట్టనివ్వలేదు. అయ్యగారు రెండుసార్లు వచ్చి అడిగినా, కూడిక పెడితే బిడ్డ పోయినట్టేనని, తనకి అట్లాంటి కబురేదీ అందలేదని చెప్పి పంపించేసింది. రోజూ రాత్రికి కంచంలో అన్నం పెట్టి మూతేసేది. పొద్దున్నే ఆ అన్నం తనే తినేది. మగదిక్కులేని ఇల్లు. పెద్దమ్మ, మేము అక్కా అని పిలిచే ఆమె కూతురు, ఆ మూతవేసిన కంచం. ఆమె ముందు వాడి పేరెత్తడానికి ఊరంతా భయపడేది. ఊరితో పాటు మేం కూడా వాడి గురించి మాట్లాడటం మానేశాం.

ఆ పెద్దమ్మ కూడా మా గోడౌన్లోనే తొడిమలు తీసేది. టీవీ పక్కన గోడకి ఆనుకుని, మా వైపు తిరిగి కూర్చునేది.

పడవబ్బాయికి కూడిక పెట్టాలని ఎవరికి తోచిందో గుర్తులేదు. చాలా ఏళ్లు నాకే తోచిందని చెప్పుకున్నాను. ఒక సాయంత్రం పని ముగిసి ఆడవాళ్లు కాటా దగ్గరికి వెళ్లినప్పుడు, గోడౌన్ వెనక మేం ఏడెనిమిది మందిమి చేరాం. గోనెపట్టా పరిచాం. ఇటుక మీద లాంతరు పెట్టాం. మా నాన్న కోటు తొడుక్కుని నేను అయ్యగారినయ్యాను. ఉడికించిన శనగలు భోజనం. ప్రార్థన అయి, పాట సగంలో ఉండగా నీడ పడింది. చూస్తే పెద్దమ్మ. చేతులు మిరప పొడితో ఎర్రగా ఉన్నాయి.

ఎవరి కూడికరా ఇది, అని అడిగింది.

ఇక్కడ నేను ఒప్పుకోవాలి. ఈ కథ చెప్పినప్పుడల్లా, నేను ధైర్యంగా ముందుకొచ్చి జవాబు చెప్పానని అంటుంటాను. నేను చెప్పలేదు. నాన్న కోటు కాలరు కళ్లదాకా లాక్కుని నిలబడ్డాను. చెప్పింది అన్నంముద్ద పక్కన పెట్టే పిల్ల. పడవబ్బాయిది పెద్దమ్మా, అంది.

కొడుతుందనుకున్నాం. కొట్టినా బాగుండేదేమో. ఆమె లాంతరు వంకా, శనగల వంకా చూసింది.

"వాళ్లమ్మ ఏదిరా మరి?" అంది. "అమ్మ లేకుండా కూడిక ఎట్టా చేస్తారు?"

ఆ సినిమాలో అతనికి అమ్మ లేదు. ఉందేమో, మాకు ఆ ఆలోచనే రాలేదు. పెద్దమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుని, గోనెపట్టా మీద ముందు, ఇంటివాళ్లు కూర్చునే చోట కూర్చుంది.

"సరే, నేను కూర్చుంటా. కానీండి."

పాట ఎలాగో పూర్తి చేశాం. తలా ఒక మాట చెప్పే వంతు వచ్చింది. ఒకడు లేచి, పడవబ్బాయి ముసలమ్మని వీపున మోశాడని చెప్పాడు. ఇంకొకడు, వాడికి చీకటంటే భయం లేదన్నాడు. పెద్దమ్మ ఒక్కో మాటకీ తల ఊపుతూ వింటోంది. మూడోవాడు లేచి, వాడు నాకు బలపం ఇచ్చి మళ్లీ అడగలేదు, అన్నాడు. పడవబ్బాయి ఎవరికీ బలపం ఇవ్వలేదు. అది ఎవరి గురించో మా అందరికీ తెలిసింది. అన్నవాడికి కూడా అన్నాకే తెలిసింది. వాడు గబుక్కున కూర్చోబోయాడు.

"చెప్పరా," అంది పెద్దమ్మ. "ఆపమాక."

ఇక ఆగలేదు. నెలల తరబడి ఊరంతా మింగి కూర్చున్న పిల్లవాడు మా నోళ్లలోంచి బయటికొచ్చాడు. వాడు ఎక్కాలు తప్పు చెప్పి నవ్వడం, వాడి ఎడమచేతి వాటం, చర్చిలో పాటకి ముందే చప్పట్లు కొట్టి దెబ్బలు తినడం. నేను కూడా కోటు దించి ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. అందరి కళ్లూ కారాయి. మిరప ఘాటని ఒకరికొకరం చెప్పుకున్నాం. చివర్లో ఆమె మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్లింది. ఆ పూట కంచంలో పెట్టిన అన్నాన్ని కలిపి తలా ఒక ముద్ద చేతిలో పెట్టింది. శనగలు ఆమె తింది. తర్వాతి ఆదివారం తనే అయ్యగారి దగ్గరికి వెళ్లి, మా వాడికి కూడిక పెట్టండి అని అడిగిందట.

ఆ రోజు తర్వాత మా పిచ్చి ఒకేసారి పోలేదు, ఒకేలా కూడా పోలేదు. బతికే ఉన్నాడనే జట్టు మాట్లాడటం మానేసింది. అన్నంముద్ద పెట్టే పిల్ల ఇంకొన్నాళ్లు పెట్టింది. ఒకడు గోడౌన్ గోడ మీద బొగ్గుతో పడవ గీసి గీసి, పెద్దయ్యాక సైన్‌బోర్డులు రాసే పనిలో స్థిరపడ్డాడు. ఇక నా సంగతి. వందసార్లు చూశానన్నాను కదా, పది పన్నెండుసార్లు చూసుంటాను. చివరి నాలుగైదు సార్లు ఖాళీ పడవ వచ్చేచోట కళ్లు మూసుకున్నాను. జపాను భాషలో ఒక్క ముక్క రాదు. చివరిదాకా నిలబడిందీ నేను కాదు. అందరికన్నా ముందు మానేసినవాళ్లలో నేనొకణ్ణి. చివరిదాకా ఆ టేపు చూసింది పెద్దమ్మ. పిల్లలంతా జారుకున్నా, టేపు అరిగి పడవబ్బాయి గీతల్లో సగం చెరిగిపోయినా, ఆమె ఒక్కతే గోడకి ఆనుకుని చూసేది. మా అందరిలోకీ అసలైన అభిమాని ఆమేనని నేను ఎందరికో చెప్పాను.

ఒకటి మాత్రం నన్ను వదల్లేదు. సముద్రంలో పోయిన మా వాడికి ఫొటో లేదు. వాడి ముఖం గుర్తు తెచ్చుకుందామని కళ్లు మూసుకుంటే, ఆ గీసిన ముఖమే వస్తుంది. పెద్ద కళ్లు, తెల్లచొక్కా, వెనక మంచు. నా బల్ల మీద పక్కన కూర్చున్న మనిషిని ఎవరో జపానువాడు గీసినట్టు తప్ప చూడలేకపోతున్నాను. అందుకే మనవరాలు ఏదో బొమ్మ చనిపోయిందని రెండు రోజులు అన్నం సరిగ్గా తినకపోతే, ఇంట్లో అందరూ నవ్వినా నేను నవ్వలేను. పక్కన కూర్చుని, అతను ఎలాంటివాడో చెప్పు, అంటాను. చెబుతుంది. ఎవరి గురించి ఏడుస్తోందో దానికి తెలిసే రోజు వస్తే, ఆ రోజు పక్కన ఒకరుండాలి.

ఇదంతా రాసి, చీరాలలో ఉంటున్న పక్కింటి అక్కకి మొన్న ఫోనులో చదివి వినిపించాను. పంతులమ్మగా చేసి రిటైరయింది. అయిపోయాక మెచ్చుకుంటుందనుకున్నాను.

"అమ్మ ఆ సినిమా ఒక్కసారి కూడా చూడలేదురా," అంది. "టీవీ పక్కన కూర్చున్నదానికి టీవీ ఎట్టా కనపడుద్ది? మిమ్మల్ని చూడటానికి వచ్చేది. తమ్ముడి ఈడు పిల్లలు అంతమంది ఒక్కచోట కదలకుండా కూర్చునేది అక్కడే కదా. మీరు మానేసిన వారంలోనే అమ్మ కూడా ఆ కళ్లానికి వెళ్లడం మానేసింది. ఒక్కతే కూర్చుని చూసిందని రాశావే, అది కొట్టెయ్."