ఎవరినీ తీసెయ్యని లెక్క

పదో తరగతి తర్వాత సొంతంగా నాలుగు మాటలు రాసే అలవాటు నాకు లేదు. ఇప్పుడు రాస్తున్నానంటే, పోయిన మనిషి గురించి మైకులో ఒక అబద్ధం చెప్పారు కాబట్టి.

బుధవారం దేవుడి దగ్గర దీపం పెట్టి లేచేసరికి కబురు వచ్చింది. మా స్టాటిస్టిక్స్ సార్ నిద్రలోనే పోయారు. శనివారం మా దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో సంతాప సభ పెట్టారు. డైరెక్టర్ గారు ఫొటోకు దండ వేసి, "సార్ మన బ్యాచ్‌లల్ల కలుపు మొత్తం తీసిండు" అన్నారు. మన స్టాఫ్ మీరందరూ తలలూపారు.

సార్ ఒక్క పేరు కూడా తియ్యలేదు. పిల్లల మార్కులు కంప్యూటర్‌లో ఎక్కించేది నేనే. నాకు తెలుసు.

ఆయన ఎల్బీ నగర్ నుంచి మెట్రోలో వచ్చేవారు. పాత జవాబు పత్రాల వెనకవైపే లెక్కలు వేసేవారు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి చుక్కలు పెట్టి చూపించారు. మూడు సబ్జెక్టుల మార్కులూ కలిపితే ఒక్కో పిల్ల ఒక్కో చుక్క. దగ్గరదగ్గర చుక్కలు ఒక గుంపు, అదే బ్యాచ్.

"మామూలు లెక్క గంట ఆకారం గీతను నమ్ముతుందమ్మా. దూరంగా ఎవరూ ఉండరనుకుంటుంది. ఒక్క చుక్క దూరంగా కనబడితే కంగారుపడి గుంపు మధ్య చోటునే అటు లాగేస్తుంది. అప్పుడు అందరి చోటూ తప్పుతుంది. అందుకని జనం ఆ చుక్కనే చెరిపేస్తారు."

"మరి మీరేం చేస్తారు సార్?"

"నా గీతకు తోకలు, అంటే రెండు చివర్లు, బరువు. దూరంగా కూడా పిల్లలుంటారని ముందే ఒప్పుకుంటుంది. మధ్య ఎక్కడో తేల్చేటప్పుడు వాళ్ల మాట కొంచెమే వింటుంది. గుంపులోంచి మాత్రం పొమ్మనదు."

స్టాఫ్‌రూంలో ఆయన్ను 'తోకల సార్' అని ఎగతాళి చేశారు, గుర్తుందా? ఆయనే ముందు నవ్వేవారు.

ఒక తప్పు నేనూ చేశాను. ఒక అమ్మాయికి లెక్కల్లో తొంభై రెండు, ఫిజిక్స్‌లో ఎనభై ఎనిమిది, కెమిస్ట్రీలో పదకొండు. ఎవరో తప్పు రాశారనుకుని పదకొండును డెబ్బై ఒకటి చేశాను. పుణ్యమే చేశాననుకున్నాను. సార్ జవాబు పత్రం తెప్పించి చూశారు. పదకొండే.

"ఇప్పుడు ఆ పిల్లకు కెమిస్ట్రీ ఎవరు చెప్తారమ్మా? డెబ్బై ఒకటి వచ్చిందంటే ఎవరూ చెప్పరు కదా" అన్నారు. గొంతు పెంచలేదు. పదకొండును మళ్లీ నేనే ఎక్కించాను.

సభ అయ్యాక డైరెక్టర్ గారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అక్కా, సార్ లేడు కదా. తేడాగున్న పేర్లు జర తీసెయ్. లెక్క సాఫ్‌గ ఒస్తది."

ఏ బ్యాచ్‌లోనూ పేరు లేని పిల్లను రెండో వారానికే ఇంటికి పంపేస్తారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"నేను తియ్య సార్."

"ఏందక్కా?"

"సార్ నేర్పిన లెక్కనే నడిపిస్త. అందరి పేర్లు ఉంటయి."

"మెల్లగ మాట్లాడుతవ్ గని మస్తు మొండిదానివి. రేపు గీ కుర్చీల వేరేటోళ్లు కూసుంటరు, సోచాయించుకో."

"కూసోనియ్యండి సార్."

 సార్ చెప్పిన వరసలోనే కంప్యూటర్‌లో ఆయన లెక్క ప్రోగ్రాం నడిపించి, జాబితా తీసి, సోమవారం పొద్దున నా చేత్తోనే బోర్డుకు అంటించాను.

నేను రాసిన ఈ కాగితాలు మార్కుల బీరువాలో దాచండి. నేనున్నా లేకపోయినా పారెయ్యకండి. బయటివాళ్లెవరికీ చూపించకండి, డైరెక్టర్ గారికి అసలే వద్దు. ఆయనకు ముఖం మీదే చెప్పాను కదా.

బయట వరండాలో ఒక పిల్ల జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వస్తోంది. చివరి వరసలో వేలు ఆగింది. ఎవరైనా చెరిపేస్తారేమో అన్నట్టు, ఆ పేరు మీద అరచెయ్యి మొత్తం ఆనించి అలాగే నిలబడింది.