ఎడమది ఒక్కటి చాలు

పెంచలయ్యన్న మా కొట్టు మెట్లెక్కి అడిగిన మొదటి మాటకే నాకు ఒళ్ళు మండింది.

"జబీనమ్మా, పికప్పుకు వెనక షాకబ్జరు ఒకటి ఇయ్యి. ఎడమది ఒక్కటి చాలు."

కావలి ట్రంకు రోడ్డులో ఈ స్పేర్ పార్టుల కొట్టు మా నాన్న పెట్టినది. ఆయన పోయాక పదకొండేళ్ళుగా గల్లాపెట్టె ముందు కూర్చుంటున్నది నేనే. గంటసేపు బేరమాడి ఏమీ కొనకుండా పోయేవాళ్ళను చూశాను. పాత బేరింగు కడిగి, మీరిచ్చిన కొత్తదే ఇది, వద్దంటూ వాపసు తెచ్చినవాళ్ళనూ చూశాను. ఒక్క షాకబ్జరు అడిగిన మనిషిని మాత్రం చూడలేదు. చెప్పులంగడికి పోయి ఎడమ కాలిది ఒక్కటే ఇమ్మంటామా?

"జతగానే అమ్ముతానన్నా. ఒకపక్క కొత్తది, ఒకపక్క పాతది వేస్తే మలుపులో బండి మాట వినదు" అన్నాను.

"కుడిది బాగానే ఉండాది గదమ్మా."

బాగానే ఉందో లేదో చూద్దామని బయటికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళు దాటిన పాత బండి. నీలం రంగని ఆయన అంటాడు కాబట్టి నీలమే అనుకోవాలి. వెనక కుడి మూల మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా ఒక్కసారి నొక్కి వదిలాను. షాకబ్జరు బతికుంటే బండి ఒకసారి లేచి కుదురుకుంటుంది. ఇది ఆరుసార్లు ఊగింది.

"చూడన్నా, ఏమడిగినా తలూపుతా ఉంది. నీకన్నా నయం" అన్నాను.

ఆయన నవ్వలేదు. రెండడుగులు వెనక్కి జరిగి బండి వెనక భాగాన్ని చూపించాడు. నిజమే, ఎడమ పక్కకు నాలుగు వేళ్ళ మందం ఒరిగి ఉంది. కొత్త షాకబ్జరు వేస్తే అది లేచి నిలబడుతుందని ఆయన నమ్మకం.

"షాకబ్జరు బండిని లేపదు. మోసేవి కింద ఉండే కమాన్లు, ఆ ఇనప బద్దల కట్టలు. షాకబ్జరు ఊపును ఆపుతుంది, అంతే" అని చెప్పాను. సరుకు అమ్ముకునేదాన్ని నేనే ఆ సరుకు పనికిరాదంటున్నా ఆయనకు నమ్మకం కుదరలేదు. మూడు రకాలు బల్ల మీద పెట్టించుకున్నాడు. ఆయిలువి, గ్యాసువి, ఊరూపేరూ లేని కంపెనీ లావుపాటివి. చేపల మనిషి కదా, ఒక్కొక్కదాన్నీ మొప్పలెత్తి చూసినట్టే చూశాడు. నొక్కాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, ఒకదాన్ని వాసన కూడా చూశాడు. చివరికి రేపొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

పెంచలయ్యన్నది సముద్రపొడ్డున ఉన్న జువ్వలదిన్నె. తాత, తండ్రి, అన్నదమ్ములు అందరూ చేపల వేటకు పోయేవాళ్ళే. ఈయనకు మాత్రం పడవెక్కితే వాంతులు. పదహారో ఏట మొదటిసారి తీసుకుపోయినప్పుడు వల వేయకముందే పడవను వెనక్కి తిప్పాల్సి వచ్చిందట. అల్లం నమిలించారు, నిమ్మకాయ వాసన చూపించారు, మెడలో తాయెత్తు కట్టారు. సముద్రం ఒప్పుకోలేదు. తండ్రి విసిగిపోయి, "నువ్వు గట్టు మీదనే ఉండు నాయనా, చేపలు మేం తెస్తాం" అన్నాడు. అప్పటినుంచి ఊళ్ళో ఆయన పేరు గట్టు పెంచలయ్య. ముందు సైకిలు మీద తట్ట కట్టుకుని తిరిగాడు. తరువాత ఈ పికప్పు సెకండ్ హ్యాండులో కొన్నాడు. కొన్నాక తెలిసింది, హైవే ఎక్కాలంటే ఆయనకు సముద్రమెక్కినంత భయమని.

అప్పుడు పక్క సీట్లో ఎక్కి కూర్చున్నది ఆయన భార్య పేరమ్మక్క. "నువ్వు తిప్పు, నేను చూస్తా" అందట. ఆ రోజు నుంచి పద్దెనిమిదేళ్ళు ఆమె చూస్తూనే ఉంది. పొద్దున రేవులో చేపలూ ఐసూ ఎక్కించుకుని ఇద్దరూ కావలి వస్తారు. ఆయన మార్కెట్లో లోడు దించుతాడు, ఆమె తన తట్ట ముందేసుకుని అమ్మకానికి కూర్చుంటుంది. మధ్యాహ్నం ఖాళీ బండిలో ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ తిరిగిపోతారు. తొమ్మిదేళ్ళ కింద రేవు గేటుకు తగిలి ఎడమ పక్క అద్దం ఊడిపోతే ఆయన కొత్తది వేయించలేదు. అడిగితే, "పేరమ్మ ఉండాది గదా" అనేవాడు. లారీ వస్తే చెప్పేది ఆమె, సైకిలు వస్తే చెప్పేది ఆమె, హ్యాండు బ్రేకు పట్టనప్పుడు దిగి చక్రం కింద రాయి పెట్టేది ఆమె.

అట్లాంటిది ఆ రోజు ఆయన ఒక్కడే వచ్చాడు. నాకు వింతగా అనిపించింది. ఆ మరుసటి ఉదయం చేపలకని మార్కెట్‌కు వెళ్ళి పేరమ్మక్క ముందు కూర్చున్నాను. ఎప్పుడూ నా పిల్లల చదువు దగ్గర్నుంచి మా వీధి కుళాయి దాకా అడిగే మనిషి, ఆ రోజు కానాగంత చేపలు శుభ్రం చేస్తూ తల ఎత్తలేదు.

"అన్న ఒక్కడే తిరుగుతున్నాడేందక్కా?"

"తిరగనీ. బరువు తగ్గింది గదా ఆయనకి."

తరువాత మెల్లగా చెప్పింది. ఇరవై రోజుల కింద రేవులో ఐసు ఎక్కిస్తున్నప్పుడు ఎవరో, బండి ఒకపక్కకు ఒరిగిందేం పెంచలయ్యా అని అడిగారు. ఈ మహానుభావుడు పదిమంది ఆడవాళ్ళ ముందు, "ఆ పక్క మా పేరమ్మ కూసుంటది గదా, మోసి మోసి వంగిపోయింది" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పేరమ్మక్క కొంచెం బొద్దు మనిషే, కాదనను. కానీ ఆమెతోనే రోజూ తట్ట పక్కన తట్ట పెట్టుకుని అమ్మేవాళ్ళు నవ్వారు. ఆమె తన తట్ట దించుకుని లాజరస్ షేర్ ఆటో ఎక్కింది. ఆ రోజు నుంచి ఏడుగురి మధ్య ఇరుక్కుని ఆటోలోనే వస్తోంది.

"అంత చిన్న మాటకా అక్కా?"

"చిన్నదే పాపా. ఏ నోటితో అన్నాడో ఆ నోటితో, ఎవురి ముందర అన్నాడో వాళ్ళ ముందర, కాదని చెప్పమను. చెప్పేదాకా ఆ బండిలో కాలు పెట్టను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేపల చేతులతో తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకుంది. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బండి చూసుకోలేక భార్య మీద పెట్టాడు మనిషి.

రేపొస్తానన్న పెంచలయ్యన్న పది రోజులకు వచ్చాడు. బండి ఎడమ పక్క చూస్తే జాలేసింది. తలుపు నుంచి తోక దాకా గీతలు, ఇండికేటరు పగిలి వేలాడుతోంది. కంచెకు తగిలిందన్నాడు. ఏ కంచె అని నేను అడగలేదు.

"ఎడమ పక్క అద్దం ఒకటి ఇయ్యమ్మా" అన్నాడు.

ఈసారి ఒక్కటే అడిగాడని నేను తగాదా పెట్టుకోలేదు. అద్దం తీసి ఇచ్చాను. నా స్క్రూడ్రైవరే అడిగి తీసుకుని, ఎండలో నిలబడి తనే బిగించుకున్నాడు. బిగించి, లోపల కూర్చుని, అందులోకి చూసి, దిగి సరిచేసి, మళ్ళీ ఎక్కి చూశాడు. ఇక ఆమె రాదని ఈ మనిషి నిశ్చయించేసుకున్నాడన్నమాట. నా మనసు కలుక్కుమంది.

అయినా ఆయన లోపలికి వచ్చి, స్టూలు లాక్కుని, "ఆ షాకబ్జర్లు మళ్ళా చూపీమా. ఎడమ పక్కకి..." అని మొదలుపెట్టగానే నా జాలి కాస్తా ఎగిరిపోయింది.

"పేరమ్మక్క దిగి నెల రోజులైంది కదన్నా. ఆమె బరువుకే వంగి ఉంటే ఈపాటికి లేచి ఉండాలిగా నీ బండి. ఎందుకు లేవలేదు?"

ఆయన స్టూలు మీంచి లేచాడు. "నీకెవురు చెప్పినారు?" అన్నాడు.

"కానాగంతలు."

పక్క షెడ్డు దావీదును పిలిచాను. మా నాన్న కాలం నుంచి ఉన్న మెకానిక్కు, నిదానస్తుడు. బండి వెనక భాగాన్ని జాకీ మీద లేపి, కిందికి దూరి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఎడమ చక్రం మీది కమాన్లలో అన్నిటికన్నా పొడవైనది, బండిని మోసే అసలు బద్ద, పట్టీ దగ్గర రెండు ముక్కలై ఉంది. కుడి పక్కది చెక్కుచెదరలేదు.

"ఎడమదే ఎందుకిట్టా తుప్పు పట్టింది?" అంటూ దావీదు పైకి చూశాడు. అక్కడ, సరుకు వేసే తొట్టి నేలకు, బొటనవేలు పట్టేంత బెజ్జం ఉంది. కరిగిన ఐసు నీళ్ళు, ఉప్పూ నెత్తురూ కలిసినవి, అందులోంచి సరిగ్గా ఆ కమాను మీదే కారుతున్నాయి. షాకబ్జరు గొట్టాన్ని కూడా అటువైపు తుప్పు తినేసింది.

"ఈ బెజ్జం కంపెనీది కాదే. ఎవురు పెట్టినారన్నా?"

పెంచలయ్యన్న నేల చూశాడు. "నేనే. బండి కొన్న కొత్తల్లో. నేను దిగే పక్క తడి కాకుండా ఉంటాదని ఆ పక్కన పెట్టినా."

"అన్నా, ఒకటి చెప్తా ఏమనుకోబాక," అన్నాడు దావీదు చేతులు తుడుచుకుంటూ. "అక్క కూసునేది ముందర. ఇరిగింది వెనక."

పెంచలయ్యన్న అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డాడు. ఆ తడి పక్క పద్దెనిమిదేళ్ళుగా దిగుతున్నది ఎవరో, ఎవరి చీర కుచ్చెళ్ళు తడిశాయో ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆయన మొహం చూస్తే ఆ సామెత అప్పుడే అర్థమైనట్టుంది.

"తప్పు మాట అన్నానమ్మా" అన్నాడు.

"చెప్పాల్సింది నాక్కాదన్నా."

కమాను కొత్తది వేయాలి, షాకబ్జర్లు రెండు పక్కలా మార్చాలి. అందులో వాదన లేకుండా పోయింది. గ్యాసువి వేయమన్నాడు దావీదు. అవి గట్టివి, లోడు మీద బండి ఊగకుండా పట్టుకుంటాయి. రేవులో బండ్లవాళ్ళందరూ అవే కొంటారు. కాకపోతే ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. ఆయిలువి మెత్తన, లోడు మీద కాస్త ఊగుతాయి. పెంచలయ్యన్న రెండు జతలనూ ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.

"మజ్జాన్నం ఖాళీగా పోయేటప్పుడు కుదపనిది ఏదమ్మా?"

"ఆయిలుది. కానీ నీకు డబ్బు తెచ్చేది పొద్దుటి లోడు కదన్నా. ఖాళీ బండి కుదిపితే ఎవరికి నొప్పి?"

నాకు తెలిసే అడిగాను. ఆయన రబ్బరు బుష్‌లు ఎంచుకుంటూ కూర్చున్నాడు. వీపు ఇటు తిప్పుకున్నా చెవులు ఎర్రబడటం కనిపించింది. ఆయిలు జతే తీసుకున్నాడు.

సాయంత్రానికి పని అయింది. విరిగిన కమాను ముక్కల్ని మామూలుగా దావీదు తుక్కులో వేసుకుంటాడు. ఆయన వాటిని అడిగి తీసుకుని, గోనెసంచిలో చుట్టి, ముందు సీట్లో పెట్టుకుని వెళ్ళాడు. ఆమె సీట్లో.

మూడో రోజు మధ్యాహ్నం బండి మా కొట్టు ముందు ఆగింది. ఎడమ తలుపు తెరుచుకుని పేరమ్మక్క దిగింది. చేతిలో అద్దం.

"ఏం జరిగిందక్కా?" అన్నాను కుర్చీలోంచి లేచి.

"ఏముంది. మొన్న రేవులో చేపల వేలం పాట జరగతా ఉంటే, అందరూ ఉన్న చోటుకొచ్చి ఆ ఇనప ముక్కలు చేపల కుప్ప పక్కన దభీమని పడేసినాడు. 'బండి వంగింది నా పేరమ్మ వల్ల కాదు, నేను పెట్టిన బెజ్జం వల్ల. ఆనాడు నవ్వినోళ్ళందరూ ఇప్పుడు నన్ను జూసి నవ్వండి' అన్నాడు."

"నవ్వారా?"

"కడుపుబ్బ నవ్వినారు. నేనూ నవ్వినా."

"వెంటనే బండెక్కేశావా?"

"యాడెక్కతా. ఆ పూట ఆటోలోనే వచ్చినా. నిన్న ఎక్కినా." ఆ ఒక్క రోజు ఆలస్యం చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఎంత దర్జా. తరువాత అద్దాన్ని బల్ల మీద పెట్టింది. "ఇది వాపసు తీసుకో పాపా. దీని బదులు మూరెడు రబ్బరు పైపు ఇయ్యి. ఆ బెజ్జానికి తగిలించి నీళ్ళు వెనక్కి పోయేటట్టు చేస్తా. ఈయన్ని నమ్ముకుంటే మళ్ళా పద్దెనిమిదేండ్లు పడతాది."

అద్దానికి స్క్రూల గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"బిగించిన సరుకు వాపసు తీసుకోనక్కా. అదిగో, బోర్డు రాసిపెట్టాను."

ఆమె బోర్డు వైపు తీరిగ్గా చూసింది. "నాకు చదువు రాదు గదా" అంది.

పదకొండేళ్ళలో మొదటిసారి బిగించిన సరుకు వాపసు తీసుకున్నాను. పైపు కోసి ఇచ్చి, మెట్ల దాకా వచ్చి నిలబడ్డాను. బండి నిటారుగా ఉంది. ఎడమ తలుపు మీద రెండు స్క్రూ బెజ్జాలు మాత్రం మిగిలాయి. పేరమ్మక్క ఎక్కి తలుపు వేసుకుంది. పెంచలయ్యన్న నాకేసి చూడకుండా ఇంజను స్టార్టు చేసి, రోడ్డు మీదికి వెనక్కి తీయబోయాడు.

పక్క కిటికీలోంచి తల బయటికి వచ్చింది.

"ఆగు. సైకిలు పోనీ."

బండి ఆగింది. సైకిలు పోయింది.

"ఇంక రా."